రెండుసార్లు అడిగే మిషన్

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకు శ్రమ తగ్గుతుంది. చిన్నప్పుడు పక్కింటి మేక రెండు పిల్లలు ఈని, మా మేక ఒక్కటే ఈనిందని ఆ పూట నేను అన్నం ముట్టలేదట. మా అమ్మ సర్దార్ బీ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటుంది. అది పక్కింటి మేక మీద కుళ్ళు. ఇప్పుడు చెప్పేది కట్టుకున్న పెళ్ళాం మీద. ఇది విని ఎవరూ నవ్వరు.

మేం దూదేకులవాళ్లం. మా తాత డోన్ చుట్టుపక్కల పల్లెలు తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. దూది ఏకే వింటినారి మీద దెబ్బ పడగానే ఆ మోత విని దూదిలో చెమ్మ ఉందో లేదో చెప్పేవాడట. ఆ చెవి నాకు వచ్చింది. డోన్ పాత బస్టాండు రోడ్డులో నా షెడ్డు. బండి ఇంకా గేటు దగ్గర ఉండగానే, ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాణ్ణి. "మన్సూరు చెవి పెడితే సగం రిపేరీ అయిపోయినట్టే" అని బేతంచెర్ల నాపరాళ్ల లారీలవాళ్లు అనుకునేవాళ్లు. పద్దెనిమిదేళ్లు ఆ మాట తిని బతికాను.

తర్వాత కంప్యూటర్ బళ్లు వచ్చిపడ్డాయి. ఇంజన్ బాగానే మోగుతుంటుంది, కానీ డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంటుంది. ఆ దీపానికి మోత లేదు, నా చెవికి పని లేదు. అందరు మెకానిక్కులూ చేసే పనే నేనూ చేసేవాణ్ణి. బ్యాటరీ వైరు ఊడబెరికి, ఒక టీ తాగి, మళ్ళీ తగిలించేవాణ్ణి. దీపం ఆరిపోయేది. బండాయన సంతోషంగా వెళ్లిపోయేవాడు. వెల్దుర్తి దాటాక అది మళ్ళీ వెలిగితే ఆ తలనొప్పి కర్నూలు మెకానిక్కుది.

అలా నడుస్తుండగా, కర్నూల్లో స్పేర్ పార్టులు అమ్మే దావీదురాజు ఒక మిషన్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. టీవీ రిమోట్ కన్నా కాస్త పెద్దది, తోకలాగా ఒక వైరు. స్టీరింగు కింద తగిలిస్తే బండి తన జబ్బు తానే చెప్పుకుంటుందట. చెప్పుకుంటుంది గానీ, ఇంగ్లీషులో. నేను తెలుగులో ఆరో క్లాసు. అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అన్నం క్యారియర్ తెచ్చిన మా ఆవిడ షమా, "ఇట్లియ్యి" అంది. ఆమె కర్నూల్లో ఐటీఐ చదివింది, ఎలక్ట్రానిక్స్. పెళ్లయిన ఆరేళ్లలో ఆ చదువుతో ఆమె చేసింది మిక్సీ ఫ్యూజు మార్చడమే. ఆ రోజు క్యారియర్ మూత కూడా తీయకుండా గంటసేపు ఆ మిషన్‌తో కూర్చుంది. అన్నం నేనే వడ్డించుకున్నాను. నా కష్టాలకు అదే మొదలు.

మర్నాటి నుంచి పది గంటలకల్లా షెడ్డుకు వచ్చేది. మిషన్‌కి పాత దుప్పటి గుడ్డతో సంచి కుట్టింది. ఒక నోటుపుస్తకం పెట్టింది. బండి లోపలికి రాగానే తారీఖు, బండి నంబరు, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో, జబ్బుకు గుర్తుగా మిషన్ ఏ కోడ్ చెప్పిందో, అన్నీ రాసేది. "కిలోమీటర్లు ఏంటికి మే, నువ్వేమన్నా బస్సు కండక్టరువా?" అని ఎగతాళి చేశాను. "బండి మళ్ళా వస్తే ఎంత తిరిగొచ్చిందో తెలియాల గదా" అంది. రాసిన అంకె కింద చిన్న గీత గీసేది. ఆ గీత చూసినా నాకు చిరాకే.

నిజానికి చిరాకు గీత మీద కాదు. దావీదురాజు ఫోన్ల మీద. అర్థంకాని కోడ్ వస్తే ఆయనకు ఫోన్ చేసేది. "పీ జీరో వన్ జీరో వన్ అన్నా... కాదన్నా, చివర టూ" అని ఈమె, అవతల ఏదో ఆయన, మధ్యలో నవ్వులు. ఎదురుగా మొగుణ్ణి పెట్టుకుని పరాయి మగవాడితో అంకెల్లో మాట్లాడుతుంటే ఏ మొగుడికి ఒళ్లు మండదు? దావీదురాజుకు యాభై దాటాయి, ముగ్గురు కూతుళ్లు, షమాను నోరారా చెల్లెమ్మా అంటాడు. అయినా మండింది. కుళ్ళుకు వయసూ వరసా పట్టవు.

నాక్కూడా నేర్పాలని చూసింది, పాపం. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు అనుకుంటూనే పక్కన కూర్చున్నాను. ఎన్నో చెప్పింది. నాకు నిలిచింది ఒక్కటే.

"ఇదో, ఈడ చూడు, మూడో వరస. ఇది నొక్కితే ఉండే కోడ్లన్నీ తుడిచిపెట్టుకోని పోతాయి. రిపేరీ అయినాకనే నొక్కాల. ముందే నొక్కితే బండి ఏం చెప్పాలనుకున్న్యాదో ఇంక ఎవురికీ తెల్దు."

"పొరపాట్న చెయ్యి తగిలితే?"

"తగిలినా ఏం కాదులే. ఒగ తూరి నొక్కినాక అది మళ్ళా అడుగుతాది, నిజంగా తుడిచెయ్యాల్నా అని. అవునంటే పచ్చది నొక్కు. వద్దంటే ఎర్రది." అని నవ్వింది. "నీకన్నా మర్యాద తెలిసిన మిషన్ ఇది. నువ్వయితే ఒగ తూరి గూడా అడగవు."

నేనూ నవ్వాను. అప్పటికి ఇంకా నవ్వగలిగేవాణ్ణే.

దసరా వెళ్లిన వారానికి రాఘవేంద్రప్రసాద్ శెట్టి బండి వచ్చింది. ఆయనకు బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ, రెండు గనులూ ఉన్నాయి. కొత్త డీజిల్ బండి, తెల్లది. దీపం వెలుగుతోంది, ఎత్తు ఎక్కడం లేదు. నేను చెవి పెట్టి విని, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో పోయిందన్నాను. నంద్యాలలో ఇద్దరు మెకానిక్కులూ అదే అన్నారని శెట్టి దిగులుపడ్డాడు. షమా మిషన్ తగిలించింది. గాలి కొలిచే సెన్సరు అంటోంది సార్ అని, బానెట్ కింద టార్చి వేసి చూసి పకపకా నవ్వింది. డ్రైవర్ ఉరుకుందు ఆయుధపూజ నాడు ఇంజన్‌కి దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టాడు. దారం కట్టడానికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు ఆ సెన్సరు వైరుకే కట్టాడు. నిమ్మకాయ ఊగీ ఊగీ ప్లగ్గు సగం ఊడి వచ్చింది. లోపల కుంకుమ కూడా పడింది. షమా దారం తెంపి, కుంకుమ తుడిచి, ప్లగ్గు నొక్కింది. టిక్కుమంది. అంతే, పని అయిపోయింది.

శెట్టి నన్ను చూడలేదు. ఆమెనే చూశాడు.

"ఏమప్పా మన్సూరూ, ఇంట్లో ఇంత ఇంజనీర్ని పెట్టుకోని ఇన్నాళ్లు దాచిపెట్టుకున్న్యావే! మీ షెడ్డుకు బోర్డు లేదుగదా. మా ఫ్యాక్టరీలో మంచి నున్నటి రాయి చూసి పేరు చెక్కించి పంపిస్తా. షమా ఆటో వర్క్స్ అని."

ఉరుకుందు చప్పట్లు కొట్టాడు. షమా "అయ్యో, వద్దు సార్, ఆయన పేరే ఉండాల" అంది. ఆ వద్దు అనడంలో ఎంత సంతోషం ఉందో నాకు వినపడింది. అలాంటివి నా చెవి బాగా పట్టుకుంటుంది.

ఆ రోజు నుంచి రాయి నా గుండె మీదే ఉంది. శెట్టి ఊరంతా చాటాడు. బేతంచెర్ల నుంచి, కొలిమిగుండ్ల నుంచి కార్లు రావడం మొదలైంది. దిగినవాడల్లా నా వైపు చూసి, నా వెనక్కి చూసి, "ఆయమ్మ లేదాప్పా?" అనేవాడు. పద్దెనిమిదేళ్లు ఈ చేతులకు గ్రీజు పూసుకున్నాను. గ్రీజు అంటని చేతుల కోసం అడుగుతున్నారు. "నమాజుకు పోయింది, కూర్చోండి" అనేవాణ్ణి. కూర్చునేవాళ్లు. నేను బండి చూస్తానంటే, "ఉండనీలేప్పా, ఆయమ్మ వచ్చినాకనే చూద్దాం" అనేవాళ్లు. ఆ మాట అన్నం తింటుంటే రాయి తగిలినట్టుండేది.

ఒకరోజు ఇంటి దగ్గర అన్నాను, "అమ్మకు కాళ్లనొప్పులు, నువ్వు ఇంటిపట్టున ఉంటే బాగుంటాది" అని. మా అమ్మ వంటింట్లోంచి, "నా కాళ్లు బాగానే ఉండాయి. నీ కడుపునొప్పికి నా కాళ్లు ఏంటికి తెస్తావు?" అంది. షమా నవ్వు ఆపుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వండి, నవ్వండి అనుకున్నాను.

డిసెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం. షమా పొద్దున్నే వచ్చి, ఇంట్లో చిన్న పనుందని కాసేపటికే వెళ్లింది. శెట్టి తెల్ల బండి వచ్చింది. ఉరుకుందు ఒక్కడే తెచ్చాడు. దీపం మళ్ళీ వెలుగుతోందట. డోన్ ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి బలం పోతోందట, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే బాగానే పోతోందట.

"దారిలో ఆగిపోతాదేమోనని మా శెట్టి బస్సులో వెనకాల్నే వస్తాండాడు. బండి బాగు చేయించుకోనే పోవాల్నంట. ఆదివారం ఉదయశ్రీ పాపకు కర్నూల్లో పరీక్ష, సీఏ చదువుకు. ఇది తప్పితే మళ్ళా ఆర్నెల్లకేనంట. వదిన లేదాన్నా?"

వదిన లేదాన్నా. వీడూ అదే మాట.

"వస్తాది. పోయి టీ తాగిరా" అన్నాను.

వాడు వెళ్లాడు. నేను బండిలో కూర్చున్నాను. బల్ల మీద దుప్పటి గుడ్డ సంచి ఉంది. ఎందుకు తీశానో అప్పుడు నాకే తెలియదని అబద్ధం చెప్పను. బాగా తెలుసు. వైరు తగిలించాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన కోడ్ అంకె వెలిగాయి. బండి ఏదో చెప్తోంది, నాకు అర్థం కావడం లేదు, ఆమెకు అవుతుంది. మరో గంటలో ఆమె వస్తుంది, ఇది చదువుతుంది, శెట్టి మళ్ళీ ఆమెనే చూస్తాడు, రాయి మీద ఆమె పేరు ఎక్కుతుంది. మూడో వరసకు పోయి నొక్కాను.

అది మళ్ళీ అడిగింది. ఆమె చెప్పినట్టే. కింద పచ్చ, ఎరుపు. స్టేషన్‌లో గుంతకల్లు బండి కూత వేసింది. కూత అయిపోయేదాకా బొటనవేలు రెండింటికీ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత పచ్చది నొక్కాను. దీపం ఆరింది. మిషన్‌ను సంచిలో ముందు ఎలా ఉందో అలాగే పెట్టాను.

శెట్టి వచ్చాడు, షమా వచ్చింది, ఉరుకుందు టీ తాగి వచ్చాడు. ఆమె ముందుగా మీటరు చూసి పుస్తకంలో రాసుకుంది, గీత గీసింది. మిషన్ తగిలించింది. చూసింది. తీసి మళ్ళీ తగిలించింది.

"ఏమీ లేదంటాండాది సార్."

"ఏమీ లేకపోవడమేంది? పొద్దున్నుంచి లైటు ఎలగతాండాదని వీడు చెప్తాండాడే!"

షమా ఉరుకుందును అడిగింది. వాడు వాళ్ల కులదేవత మీద ఒట్టు పెట్టాడు. ఆమె నా వైపు తిరిగింది. "బ్యాటరీ వైరు ఎవురన్నా తీసినారా?"

"లేదు" అన్నాను. బ్యాటరీ వైరు ఎవరూ తీయలేదు. అది నిజమే.

అప్పుడు నేను లేచాను. ఇంజన్ స్టార్ట్ చేయించి, చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకోనవసరం లేదు, శెట్టి చూస్తున్నాడని మూసుకున్నాను. "గాలి ఫిల్టరు. మీ రాళ్లపొడితో కూరుకుపోయి ఉండాది" అని చెప్పి విప్పాను. బేతంచెర్లలో తిరిగే ఏ బండి గాలి ఫిల్టరు విప్పినా పిండిమర లాగే ఉంటుంది. దులిపి, గాలి కొట్టి, బిగించి, శెట్టిని ఎక్కించుకుని రైలు గేటు దాకా పోయి వచ్చాను. బండి గుర్రంలా పోయింది.

"చూస్తిరా సార్! మిషన్‌కు పట్టనిది నా చెవికి పట్టింది."

శెట్టి నా భుజం తట్టాడు. ఎన్ని నెలలైందో ఎవరైనా నా భుజం తట్టి. షమా మాత్రం బండి పక్కనే నిలబడి ఉంది.

"సార్, లైటు ఎలిగినాదని ఆయప్ప చెప్తాండాడు, మిషన్ ఏమీ లేదంటాండాది. రెండూ నిజం కాలేవు. నాకు మనసొప్పడం లేదు. ఆదివారం ఈ బండిలో పోవద్దండి. ఇంకోదాంట్లో పోండి."

"ఏమప్పా, ఈమె ఇట్లంటాండాదే?"

"నాది గ్యారంటీ సార్. కర్నూలు కాదు, కడపకైనా పోండి" అన్నాను.

శెట్టి బండెక్కుతూ నవ్వాడు. "పాతది పాతదేలేప్పా. రాయి మీద నీ పేరే చెక్కిస్తా. మన్సూర్ ఆటో వర్క్స్."

ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను. షమా తినలేదు. పుస్తకం ముందేసుకుని వెనకటి పేజీలు తిప్పుతూ కూర్చుంది. మర్నాడు షెడ్డుకు రాలేదు. శనివారమూ రాలేదు. ఏమైంది, మిషన్ మీద నమ్మకం పోయిందా అని అడిగాను, లోపల నవ్వుకుంటూ.

"మిషన్ మీద కాదు. నా మీద. నాకే ఏమో చదవడం రాలేదనిపిస్తాండాది. ఇన్ని దినాలు తెలిసినట్టు ఊరికే మాట్లాడినానేమో."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె ముఖం చూస్తే జాలేసింది, ఆ జాలి వెనకాలే తియ్యగా ఇంకోటి ఉంది. శనివారం ఇద్దరు వచ్చి ఆయమ్మ లేదా అని అడిగారు. "మానేసింది, నేనున్నా గదా" అని ఛాతీ విరిచి చెప్పాను.

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు నాపరాళ్ల లారీ ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని వెనక మోకుకు కట్టిన శెట్టి తెల్ల బండి.

వెల్దుర్తి దాటాక ఎత్తులో బలం పోయి ఆగిపోయిందట. ఆపి స్టార్ట్ చేస్తే ఈసారి కాలేదట. బస్సుకు చెయ్యెత్తి, నిలబడి ప్రయాణం చేసి, కర్నూల్లో ఆటో పట్టుకుని పోతే అప్పటికే పరీక్ష గేటు మూసేశారు. తండ్రీ కూతురూ అదే దారిలో తిరిగి వస్తూ, బండిని లాక్కొస్తున్న తమ ఫ్యాక్టరీ లారీనే ఎక్కారు. ఉదయశ్రీకి పద్దెనిమిదేళ్లుంటాయేమో. ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం. నా బల్ల మీద కూర్చుంది, హాల్‌టికెట్టు ఇంకా చేతిలోనే పట్టుకుని. మడత కూడా పడలేదు దానికి.

లారీవాళ్లు ఏమీ తెలియకుండా, గోనెపట్టా చుట్టిన రాయి ఒకటి దించి గోడకు ఆనించారు. శుక్రవారమే చెక్కడం అయిందట. పట్టా జారింది. మన్సూర్ ఆటో వర్క్స్. అక్షరాలు బాగా కుదిరాయి.

నేను ఇంటికి ఫోన్ చేయలేదు. శెట్టే చేశాడు. షమా పది నిమిషాల్లో వచ్చింది. శెట్టి ఆమెను చూడగానే లేచాడు.

"మిషన్లో ఏమీ లేదంటివి గదమ్మా! ఆయప్పది చెవి, తప్పు పడితే పడొచ్చు. నీది మిషన్ గదా? అది ఎట్ల తప్పుతాది? పాప ఆర్నెల్లు కూర్చోవాల ఇప్పుడు!"

ఆదివారం పోవద్దని తానే చెప్పానని ఆమె అనొచ్చు. అనలేదు. తల వంచుకుని, "తప్పయింది సార్" అంది. నేను తేలు కుట్టిన దొంగలా పానాల స్టాండుకు ఆనుకుని నిలబడ్డాను.

షమా మిషన్ తగిలించింది. ఈసారి తెర మీద కోడ్ వెలిగింది. "డీజిల్ ప్రెజరు చాలడం లేదంటాండాది" అని, అక్కడితో ఆగకుండా, గురువారం తీయని ఇంకేదో పేజీకి పోయింది. చూస్తూ ఉండిపోయింది. తర్వాత పుస్తకం తెరిచి గురువారం పేజీలో గీత గీసిన అంకె మీద వేలు పెట్టింది. బండి మీటరు చూసింది. పెదాలు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు. తర్వాత నన్ను చూసింది. నాతో మాట్లాడకుండా మిషన్ నా చేతిలో పెట్టింది.

"చదువు."

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది?"

"ఇంగ్లీషు కాదు. అంకె. అంకెలొస్తాయి గదా నీకు."

"రెండువందల ముప్పై ఆరు."

"కోడ్లు తుడిచిపెట్టినాక బండి తిరిగిన కిలోమీటర్లు అవి" అని శెట్టికి చెప్పింది. "మీటరు మీద ఇప్పుడు అరవై ఒకటివేల ఆరువందల నలభై ఎనిమిది ఉండాది."

శెట్టి వ్యాపారం చేసే మనిషి. ఆమె మాట పూర్తయ్యేలోపే తీసివేసేశాడు. "అరవై ఒకటివేల నాలుగువందల పన్నెండు." పుస్తకం తన వైపు తిప్పుకుని చూశాడు. అక్కడ అదే అంకె ఉంది, కింద గీతతో. "అంటే గురువారం. ఈ షెడ్డులోనే తుడిచినారు." ముఖం ఎర్రబడింది. "నువ్వే తుడిచినావా అమ్మాయ్? తుడిచి, ఏమీ లేదంటివా?"

షమా నా వైపు కూడా చూడలేదు. మీటరునే చూస్తోంది. ఆ మిషన్ ముట్టుకునేది ఆమె ఒక్కతే అని ఊరందరికీ తెలుసు. నేను నోరు మూసుకుంటే చాలు, ఇంక ఒక్క బండి కూడా ఆమెను అడగదు. బల్ల మీద హాల్‌టికెట్టు గాలికి కదిలితే ఆ పిల్ల చేత్తో నొక్కిపట్టింది.

"నేనే సార్" అన్నాను. "తుడిచింది నేనే."

శెట్టి మంచివాడు. "నీకు దాని సంగతి తెల్దు గదప్పా. పొరపాట్న చెయ్యి తగిలింటాది."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. "అవును సార్, చెయ్యి తగిలింది" అన్నాను. శెట్టి నిట్టూర్చి కూర్చున్నాడు. షమా బానెట్ ఎత్తింది. పరాయివాళ్ల ముందు నా పరువు తీసే మనిషి కాదు ఆమె.

డీజిల్ ఫిల్టరు ఆమె చూపిస్తే నేను విప్పాను. పళ్లెంలోకి వంపితే పాలలాంటి నీళ్లు కారాయి, అడుగున మెత్తటి రాళ్లపొడి. గని దగ్గర యంత్రాల కోసం ఉంచిన మూత లేని డ్రమ్ములోంచి ఉరుకుందు బండికి కూడా డీజిల్ పోస్తున్నాడట. గురువారం ఆ కోడ్ చదివి ఉంటే అరగంట పని. కొత్తది వేశాం, డీజిల్ పైపులో గాలి తీశాం, బండి స్టార్ట్ అయింది. వెళ్లేముందు ఉదయశ్రీ షమా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఆ పొద్దు మీరు పోవద్దన్నారంట. మా నాయన ఇప్పుడు చెప్పినాడు" అంది. నా వైపు చూడలేదు. శెట్టి రాయిని ఒకసారి చూసి బండెక్కాడు.

షెడ్డులో ఇద్దరమే మిగిలాం. షమా వైరు చుట్టి మిషన్‌ను సంచిలో పెట్టింది. నేను చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాను, పోయిన గ్రీజునే మళ్ళీ మళ్ళీ.

"చెయ్యి తగిలినాదా?" అంది.

నేను గుడ్డ మడత పెట్టాను.

"ఒగ తూరి తగిలిందనుకుందాం. అది మళ్ళా అడుగుతాది గదా." గొంతు పెంచలేదు. కోప్పడినా బాగుండేది. "ఆ పొద్దు నుంచి నేను రెండు దినాలు నాకేం రాదని ఏడ్చుకుంటా కూర్చున్న్యా. నువ్వు నా ఎదురుగా అన్నం తింటాండావు. రెండోసారి అడిగినప్పుడు గూడా నీకేమీ అనిపియ్యలేదా?"

అనిపించింది. రైలు కూత అయిపోయేంతసేపు అనిపించింది. ఆ మాట చెప్తే ఇంకా పెద్ద తప్పవుతుందని ఊరుకున్నాను. ఆమె సంచి నా ఒళ్లో పెట్టి, పుస్తకం మాత్రం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఇంటికే వెళ్లింది. నాకు ఇప్పటికీ అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, మా అమ్మకు కాళ్లు పడుతుంది. షెడ్డు ఊసు మాత్రం ఎత్తదు. ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. దావీదురాజు కర్నూలు షాపులో వారానికి మూడు రోజులు మిషన్ పని చూడమని అడిగాడట, పోతానని మా అమ్మతో చెప్పింది. నాతో చెప్పలేదు. నన్ను అడగలేదు కూడా. నేనెప్పుడైనా ఆమెను అడిగానా గనక.

సోమవారం పొద్దున కొలిమిగుండ్ల నుంచి ఒక కారు వచ్చింది. దిగినాయన గోడకు ఆనించిన రాయి మీద నా పేరు చదివాడు, నా వైపు చూశాడు, నా వెనక్కి చూశాడు.

"లైటు ఎలగతాండాదప్పా. ఆయమ్మ లేదా?"

"లేదు" అన్నాను. "నేనే చూస్తా."

సంచిలోంచి మిషన్ తీసి తగిలించాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. ఆయన ఆశగా నా ముఖంలోకి చూస్తున్నాడు. నాకు అందులో మూడో వరస ఒక్కటే తెలుసు.